ఫార్మాట్ వద్దన్న మనిషి

"ఆపరేటర్ సాబ్ గుజర్ గయే, మాలూమ్ హై?" అని అడిగాడు భాయ్, నా సెల్‌ఫోన్ వెనక మూత ఊడదీస్తూ.

నాకు తెలియదు.

భాయ్‌ది బహదూర్‌పురా. జూపార్కుకు వెళ్లే దారిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు గానీ, ఒకప్పుడు మా ఆఫీసు కంప్యూటర్లన్నీ ఆయనే చూసేవాడు. ఏదో కంపెనీ తరఫున కాంట్రాక్టు మీద వచ్చేవాడు.

"ఎప్పుడు?" అన్నాను.

"రంజాన్‌కు ముందే పోయిండంట సాబ్. బేగంబజార్ పోయినప్పుడు వాళ్ల తమ్ముడు చెప్పిండు."

"మా ఆఫీసులో ఎవరికీ తెలియదే. ఒక్క కబురైనా పంపలేదు."

భాయ్ స్క్రూడ్రైవరు కింద పెట్టి నా వైపు చూశాడు. "పంపొద్దన్నడంట. ఆఫీసోళ్లకు ఖబర్ ఇయ్యొద్దని ముందుగాలనే ఇంట్ల చెప్పి పెట్టిండంట."

ఆ మాట నేను వెంటనే నమ్మాను. చావు తర్వాత కూడా ఎవరు రావాలో ఎవరు రాకూడదో తేల్చి చెప్పగల మనిషి ఆయన. మేమంతా వరసగా నిలబడి "పాపం" అంటుంటే వినాల్సి వస్తుందేమోనని భయపడి ఉంటాడు. ఆయనకు ఆ మాటంటే అసహ్యం.

నయాపూల్ దాటాక, కోర్టులకు కాస్త ఇవతల, పాత రాతి భవనంలో ఉండేది మా ఆఫీసు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి నేను అందులో చేరిన రోజున మొదట విన్నది ఆయన గొంతే. మెట్ల కింద చిన్న గది. అందులో టెలిఫోను బోర్డు ముందు ఒక మనిషి, తల ఎడమవైపు కాస్త వంచి, మొహం గోడకు తిప్పి కూర్చుని ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియక తటపటాయిస్తున్నాను.

"కొత్త చెప్పులు. కొత్త మనిషి. భయపడుతున్నవ్," అన్నాడు ఆయన. "సెక్షన్ పైన ఉన్నది. పో."

చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆయనకు రెండు కళ్లూ పోయాయి. ఈ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఎవరో చెప్పారు. ఆయన చెప్పినవి వేరే. ఎవరైనా ఆయనతో గట్టిగా మాట్లాడితే, "కండ్లు లెవ్వు గాని చెవులున్నయ్. మెల్లగ మాట్లాడు," అనేవాడు. రోడ్డు దాటిస్తామని ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఉన్నచోటే ఆగిపోయేవాడు. "నువ్వు నన్ను పట్టుకోకు. నేను నిన్ను పట్టుకుంట," అని, వాళ్ల మోచేతిని తన చేత్తో పట్టుకున్నాకే అడుగు వేసేవాడు. ఇక కొందరుంటారు, గుడ్డివాడు కనపడగానే ఎదురుగా నిలబడి, "నేనెవరో చెప్పుకోండి చూద్దాం," అని ఆట పెడతారు. అలాంటివాళ్లకు ఆయన ఒకటే జవాబిచ్చేవాడు: "నువ్వెవరో నీకు యాది లేదా?"

ఆయన మంచివాడని నేను చెప్పడం లేదు. నోరు మంచిది కాదు. బోర్డు మీద కూర్చుని అందరి ఫోన్లూ కలిపేవాడు కాబట్టి ఎవరు ఎవరితో ఏ గొంతుతో మాట్లాడతారో ఆయనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని దాచుకునేవాడు కాదు. అప్పట్లో మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేవాడు. మనిషి నెమ్మది, నవ్వుమొహం. అతను పెద్దాఫీసరుతో ఫోనులో ఎలా కరిగిపోతాడో, మరుక్షణమే ఇంటికి ఫోను చేసి తల్లిని ఎలా కసురుకుంటాడో, ఆపరేటర్ సాబ్ ఒక మధ్యాహ్నం టీ వేళ అందరి ముందూ రెండు గొంతులూ అచ్చం దింపేశాడు. సెక్షనంతా పగలబడి నవ్వింది. ఆ జూనియర్ అసిస్టెంటు కూడా నవ్వాడు. అందరికంటే ఎక్కువసేపు అతనే నవ్వాడు.

తర్వాత రోజులు మారాయి. ప్రతి టేబులు మీదికీ నేరుగా ఫోను లైను వచ్చింది. ఒకరోజు మనుషులు వచ్చి మెట్ల కింద గదిలో బోర్డు పీకి పట్టుకెళ్లారు. గోడకు కన్నాలు మిగిలాయి. ఆపరేటర్ సాబ్ మాత్రం మర్నాడు కూడా వేళకే వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు ఏ పని ఇవ్వాలో ఎవరికీ తోచలేదు. తోచాలని ఎవరూ అనుకోలేదు కూడా. ఉదయం రిజిస్టరులో సంతకం, సాయంత్రం దాకా కుర్చీ, ఒకటో తారీఖున జీతం. అదృష్టవంతుడని మా వాళ్లు అసూయపడేవారు.

నేను టీ తీసుకుని వెళ్తే ఒకసారి అన్నాడు: "బేగంబజార్ల మా తమ్ముండ్ల గిన్నెల దుకాన్ ఉన్నది తమ్మీ. పద్దెనిమిదేండ్లప్పుడు నన్ను గల్లా పక్కన కూసోవెట్టిన్రు. ఏం చెయ్యాలె అని అడిగిన. ఏం చెయ్యకన్నా, నువ్వు కూసుంటె చాలు అన్నరు. దుకాన్ల దేవుని పటం ఉంటది సూడు, గట్ల. గది ఇష్టం లేకనే ఈ నౌకరికి వచ్చిన. ఇప్పుడు సర్కారు గూడ గదే అంటున్నది."

టీ గ్లాసు కింద పెట్టి, వేళ్లతో టేబులు అంచు మీద కాసేపు తట్టాడు. బోర్డు ఉన్నప్పుడు ఆయన వేళ్లు ఎప్పుడూ అంత చప్పుడు చేసేవి కావు.

ఆయన కంప్యూటరు ఎలా నేర్చుకున్నాడో మాకు తెలియదు. చూపు లేనివాళ్ల కోసం పనిచేసే ఏదో సంస్థకు ఆఫీసు అయ్యాక వెళ్లేవాడట. రెండేళ్లపాటు వెళ్లాడు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒకరోజు పైకి అర్జీ వచ్చింది, తనకొక కంప్యూటరు ఇప్పించమని. అందరూ విడ్డూరంగా చెప్పుకున్నారు. అర్జీ వెనక అర్జీ పెట్టాడు. చివరికి విసుగెత్తి, ఎవరూ వాడని ఒక మిషను తెచ్చి మెట్ల కింద పడేశారు.

అందులో ఆయన ఒక ప్రోగ్రాం వేయించుకున్నాడు. తెర మీద ఏ అక్షరం ఉంటే ఆ అక్షరాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం. ఆ సంస్థవాళ్లే ఇచ్చారు. అది విదేశీ ఇంగ్లీషులో, ముక్కుతో మాట్లాడే మగ గొంతు. ఆయన దానికి "దొర" అని పేరు పెట్టాడు. మొదట్లో మెల్లగా మాట్లాడించేవాడు. రానురాను వేగం పెంచాడు. పెంచి పెంచి, మాకైతే మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ చిటపటల్లోంచే ఆయన ఒక కామా ఎక్కువైతే పట్టుకునేవాడు.

తొలి ఉత్తరం కొట్టి పైకి పంపినప్పుడు ఎవరూ నమ్మలేదు. పక్కన ఎవరో కూర్చుని కొట్టి ఉంటారన్నారు. పదో ఉత్తరానికి నమ్మారు. ఆ తర్వాత ఆఫీసర్లు తమ డ్రాఫ్టులు ఆయనకే పంపడం మొదలుపెట్టారు. ఎందుకంటే ఆయన ఉత్తరంలో తప్పుండదు. చేతిరాత కాయితాలు ఆయన చదవలేడు కాబట్టి ఎవరో ఒకరు కింద నిలబడి చదివి వినిపించాలి. ఎక్కువసార్లు నేనే వెళ్లేవాడిని. వింటూనే తిట్టేవాడు. "ఈ వాక్యం ఎక్కడ మొదలైందో రాసినోనికైన తెలుసా? అడిగి రా పో." అడిగి రావలసిందే.

ఆ నాలుగైదేళ్లు ఆయన వేరే మనిషి. ఎవరైనా కబుర్లకని గదిలోకి తొంగిచూస్తే, తల తిప్పకుండానే "ఫుర్సత్ లేదు, తర్వాత రా," అనేవాడు. ఆ మాటను ఆయన ఎంత రుచిగా పలికేవాడంటే, దాన్ని వినడానికే నేను ఒక్కోసారి పనిలేకపోయినా వెళ్లేవాడిని.

అప్పుడు మిషను జబ్బు పడింది. దొర మాట మధ్యలో ఆగిపోయేవాడు. ఆయన వేళ్లు గాల్లో అలాగే ఉండిపోయేవి, గొంతు మళ్లీ వస్తుందేమోనని. రాకపోతే ఆపి మళ్లీ పెట్టాలి. రోజుకు ఒకసారి ఆగేది పదిసార్లు ఆగడం మొదలుపెట్టాక భాయ్‌ని పిలిపించారు.

భాయ్ డబ్బా విప్పి చూసి నాలుక చప్పరించాడు. ఆపరేటర్ సాబ్ వేలు పట్టుకుని మదర్‌బోర్డు మీద ఒక వరసలో ఆనించాడు. "చూడుండ్రి సాబ్. ఈ చిన్న డబ్బీలు పైన సాఫ్‌గ ఉండాలె. ఉబ్బినయ్. బోర్డు ఖతమ్."

"మార్చు మరి."

"మారుస్త. కంపెనీ బోర్డు ఇస్తది, ఫికర్ లేదు. మార్చినంక ఫార్మాట్ కొట్టి కొత్తగ విండోస్ ఎక్కిస్త. ఒక్క పూట పని."

"ఫార్మాట్ వద్దు."

"అరే సాబ్, బోర్డు మారిస్తె ఫార్మాట్ కొట్టాలె. అందరికి గట్లనే చేస్తం."

"అందరికి చెయ్యి. నాకు వద్దు," అన్నాడు ఆపరేటర్ సాబ్.

ఎందుకు వద్దంటున్నాడో అప్పుడు చెప్పాడు. ప్రోగ్రాంతోపాటు ఒక తాళం ఫ్లాపీ ఇచ్చారు. ఆ ఫ్లాపీతో కొన్నిసార్లు మాత్రమే ప్రోగ్రాంను మిషనులోకి ఎక్కించడానికి కుదురుతుంది. వైరస్ పట్టిందని ఒకసారి, డిస్కు పోయిందని ఒకసారి, ఇలా ఎక్కించగా ఎక్కించగా ఫ్లాపీ ఖాళీ అయింది. ఆఖరి తాళం ఇప్పుడు హార్డ్ డిస్కులో ఒక మూల ఉంది. డిస్కును తుడిచేస్తే అదీ పోతుంది. ఇచ్చిన సంస్థ మూతపడింది. విదేశీ కంపెనీకి ఆయనే ఉత్తరం కొట్టి చూశాడు. కొత్తది కొనుక్కోమన్నారు. అంత ధర పెట్టడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

భాయ్ గొంతు తగ్గించాడు. "సాబ్, కోఠీల దొంగ సీడీ దొరుకుతది. తాళం గీళం ఏం అడగది."

"సర్కారీ మిషన్ల దొంగ సీడీ ఏసిండని ఎవడన్న ఒక కాయితం రాస్తె? నన్ను ఈ కుర్చీలకెళ్లి లేపనీకి మోకా చూసేటోళ్లకు నేనే మోకా ఇచ్చినట్టయితది. వద్దు. ఫార్మాట్ కొట్టకుండ బోర్డు మార్చనీకి వస్తదా రాదా, గది చెప్పు."

భాయ్ తల గోక్కున్నాడు. "వస్తది. గ్యారంటీ లేదు. పాత బోర్డు మీద ఏమేం ఉన్నయో విండోస్‌కు యాది ఉంటది. కొత్త బోర్డు మీద గవే దేవులాడ్తది. దొరకకపోతె పడిపోతది. ఒక్కసారి చేసిన నేను."

"అయిందా?"

"కాలే. పడిపోయింది."

ఆపరేటర్ సాబ్ మొహం మీదికి చిన్న నవ్వు వచ్చింది. "ఈ ఆఫీసుల నిజం చెప్పినోన్ని ఇయ్యాల చూసిన. నువ్వే చెయ్యి."

రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. వాచ్‌మన్ చేత తలుపు తీయించి ముగ్గురం మెట్ల కింద గదిలో చేరాం. నా పని ఏమిటంటే తెర మీద ఏం కనపడితే అది ఆయనకు చదివి వినిపించడం. దొర కొత్త బోర్డు మీద ఎప్పుడు మాట్లాడతాడో, అసలు మాట్లాడతాడో లేదో తెలియదు. అప్పటిదాకా నేనే దొరని.

భాయ్ ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసి పెట్టాడు. తాళాన్ని మాత్రం అలా తీయడానికి లేదు. తర్వాత, పాత బోర్డు ఇంకా కొన ఊపిరితో ఉండగానే, దాని మీది భాగాల పేర్లు విండోస్ జ్ఞాపకంలోంచి ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెట్టాడు. డిస్కును నడిపే భాగం, తెరను నడిపే భాగం, శబ్దాన్ని నడిపే భాగం. శబ్దం తీసేసినప్పుడు దొర మాట సగంలో ఆగిపోయింది. ఆపరేటర్ సాబ్ కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

మిషను ఆపి, పాత బోర్డు ఊడదీసి, కొత్తది బిగించి, అదే డిస్కు తగిలించి, మీట నొక్కాడు భాయ్. తెర మీద అక్షరాలు వచ్చాయి. విండోస్ గుర్తు వచ్చింది. అంతలో నల్లటి తెర, దాని మీద తెల్లగా ఒక్క వాక్యం.

"ఏమన్నది?" అని అడిగాడు ఆపరేటర్ సాబ్.

చదివాను. ఏదో తప్పు జరిగింది, మిషను ఆపి మళ్లీ పెట్టమంటోంది.

"పడిపోయిందా?"

"మోకాలి మీద పడ్డది సాబ్. ఇంకా లేస్తది," అన్నాడు భాయ్. నుదుటి మీది చెమట మాత్రం భుజానికి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టి, అవసరమైనంత మేరకే విండోస్ లేచే దారిలో లోపలికి వెళ్లాడు. పాత బోర్డు జ్ఞాపకం ఒకటి ఇంకా మిగిలి ఉంది. దాన్ని తీసేశాడు. మళ్లీ పెట్టాడు. ఈసారి నల్ల తెర రాలేదు. కొత్త వస్తువు కనపడింది, కొత్త వస్తువు కనపడింది అని ఒకదాని వెనక ఒకటి చిన్న గళ్లు తెర మీదికి వచ్చాయి. నేను చదువుతూ పోయాను. "నీ ఇంగ్లీషు కన్న దొరదే నయం," అన్నాడు ఆపరేటర్ సాబ్. అప్పటికి ఆయన గొంతులో బిగువు కాస్త సడలింది.

శబ్దం అన్నింటికంటే ఆఖరున వచ్చింది. భాయ్ సీడీ వేసి, మిషను ఆపి మళ్లీ పెట్టాక, స్పీకరులో ఒకసారి గరగరమని, ఆ ముక్కు గొంతు పలికింది.

ఆపరేటర్ సాబ్ మిషను వైపు తల తిప్పి, "ఏడికి పోయినవ్ రా?" అన్నాడు.

భాయ్ నా భుజం తట్టాడు. కానీ ఆపరేటర్ సాబ్ చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. తాళం నిలిచిందో లేదో ఇంకా తెలియదు. తాళం పోయినా కూడా ఆ ప్రోగ్రాం మాట్లాడుతుంది. అరగంట దాటాక కాసేపటికి నోరు మూసుకుంటుంది. తాళం లేకపోతే అది నమూనాగా మాత్రమే నడుస్తుంది. కాబట్టి కూర్చుని వినడం తప్ప దారి లేదు.

వాచ్‌మన్ చేత టీ తెప్పించుకున్నాం. దొర ఏదో పాత ఉత్తరం చదువుతున్నాడు. సెలవురోజు కావడంతో నయాపూల్ వైపునుంచి బస్సుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఊరికే కూర్చోలేక నేనే అడిగాను, "ఇది పోయినా మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు కదండీ, ఎందుకింత ఆందోళన?" అని.

ఆయన దొర గొంతు కాస్త తగ్గించాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నువ్వు సంతకం పెట్టే ముందల కాయితం చదువుకుంటవా?"

"చదువుకుంటాను."

"నేను యాబై ఏండ్లు అచ్చేదాంక చదువుకోకుండ పెట్టిన. ఎవలో రాస్తరు, ఎవలో చదువుతరు, వేలు పట్టి ఈడ పెట్టు అంటరు. పెడ్త. తండ్రి పోయినప్పుడు దుకాన్ కాయితాల మీద గూడ గట్లనే పెట్టిన. అందుల ఏం రాసున్నదో ఇయ్యాల్టికి తెల్వదు. మా తమ్ముండ్లు మంచోళ్లే అనుకుంట. అనుకునుడే." స్పీకరు వైపు వేలు చూపించాడు. "ఇది అచ్చినంక నేను కొట్టింది నేనే ఇన్న. తప్పుంటె నేనే దిద్దిన. నౌకరి కాదు తమ్మీ. గది వేరే."

భాయ్ గడియారం చూసుకున్నాడు. అరగంట దాటింది. ఆగే వేళా దాటింది. దొర ఆగలేదు. ఉత్తరం అయిపోయి, ఇంకో ఉత్తరం మొదలుపెట్టాడు.

"హోగయా సాబ్," అన్నాడు భాయ్.

"ఇంకొంచెం సేపు," అన్నాడు ఆపరేటర్ సాబ్. మేం ఇంకొంచెం సేపు కూర్చున్నాం. తర్వాత ఆయన మీటలు నొక్కి గొంతు వేగం పెంచాడు. గదిలో ఆవాలు చిటపటలాడాయి.

ఆ బోర్డు మీద ఆయన రెండేళ్లకు పైగా పనిచేశాడు. ఆ సమయంలోనే మాకు కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. కొత్తవాడేమీ కాదు. ఒకప్పుడు టీ వేళ అందరికంటే ఎక్కువసేపు నవ్విన జూనియర్ అసిస్టెంటే. ప్రమోషన్ల మీద వేరే ఆఫీసులు తిరిగి మళ్లీ మా దగ్గరికే వచ్చాడు. మనిషి ఇప్పటికీ నెమ్మదే, నవ్వుమొహమే.

ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు మంజూరయ్యాయి. కాంట్రాక్టు వేరే కంపెనీకి మారింది. భాయ్ రావడం ఆగిపోయింది. పాత మిషన్లన్నీ తుడిచి కింది సెక్షన్లకు పంపుతారని తెలిసి ఆపరేటర్ సాబ్ తనే ఒక అర్జీ కొట్టాడు. తన మిషను తనకు వదిలేయాలని, లేదంటే దాని డిస్కును ఫార్మాట్ చేయకుండా కొత్త మిషనుకు మార్చాలని, ఇదివరకు అలా చేశారని, ఎలా చేయాలో తాను దగ్గరుండి చెప్పగలనని. సూపరింటెండెంటు చదివి, "తప్పకుండా చూద్దామండీ," అన్నాడు. అర్జీని ఫైలులో పెట్టాడు.

ఆ వారం నన్ను శిక్షణకు వేరే ఊరు పంపారు. తిరిగొచ్చి మెట్ల కింద గదిలోకి వెళ్లేసరికి టేబులు మీద కొత్త కంప్యూటరు, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంది. ఆపరేటర్ సాబ్ దాని పక్కన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అచ్చినవా," అన్నాడు. "దొర పోయిండు."

ఎలా జరిగిందో అడిగాను. చాలా మామూలు గొంతుతో చెప్పాడు. కాంట్రాక్టు మనుషులు వచ్చారు. సార్ కాసేపు టీ తాగి రండి అన్నారు. అర్జీ ఇచ్చాడు కదా, డిస్కు మార్చడానికే వచ్చారనుకున్నాడు. తానూ ఉంటానని అడిగితే, ఇరుకు గది సార్, పని కాదు అన్నారు. వెళ్లి వచ్చాడు. పాత మిషను ముందే కూర్చుని మీట నొక్కాడు. చప్పుడు లేదు.

"స్పీకర్ వైరు ఊడిందేమో అనుకున్న తమ్మీ. ఎనక్కి చెయ్యి పెట్టి సూసిన. వైరు మంచిగనే ఉన్నది. ఇంకొకసారి పీకి పెట్టిన. గప్పుడు ఆ పిలగాడు అన్నడు, 'ఫ్రెష్‌గ చేసేసినం సార్, మస్తు ఫాస్ట్ అయింది చూడుండ్రి' అని."

నేను పైకి వెళ్లి సూపరింటెండెంటును అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి ఓపికగానే మాట్లాడాడు.

"రూలు అందరికీ ఒకటే కదండీ. ఒకరికి మినహాయిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు."

"ఆయన అర్జీ పెట్టారు కదా సార్."

"పెట్టారు, చూశాను. కాంట్రాక్టువాళ్లకు చెప్పాలనే అనుకున్నాను. పనుల్లో పడి మరిచిపోయాను."

"పోనీ ఆయన దగ్గర ప్రోగ్రాం సీడీ ఉంది. తాళం లేకపోయినా కాసేపు మాట్లాడుతుంది. వేసుకోనివ్వండి."

"బయటి సీడీలు వెయ్యొద్దని ఆర్డరు వచ్చింది. వైరస్ భయం." ఆయన చిరునవ్వు నవ్వాడు. "అయినా ఆయనకేం ఇబ్బంది? ఇక డ్రాఫ్టులు ఆయనకు పంపొద్దని నేనే చెప్పాను. ఈ వయసులో ఆయన్ని శ్రమ పెట్టడం ఎందుకు? హాయిగా కూర్చోమనండి."

ఆయన మొహంలో పాత పగ ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతికాను. లేదు. ఆనాటి టీ వేళ కూడా ఆయనకు గుర్తున్నట్టు లేదు. పగ పట్టి చేసి ఉంటే కనీసం ఆపరేటర్ సాబ్ ఒక మనిషిగా ఆయన కంటికి ఆనినట్టుండేది. ఆయన నిజంగానే మరిచిపోయాడు.

భాయ్‌కి కబురు చేస్తే, కాంట్రాక్టు లేకపోయినా వచ్చాడు. పాత మిషను ఎక్కడుందో వెతికి చూసి తల అడ్డంగా ఊపాడు. తుడిచిన చోటే కొత్తది రాసేశారు. ఏమీ మిగల్లేదు. కిందికి వచ్చి ఆపరేటర్ సాబ్ ఎదురుగా నిలబడ్డాడు. ఆపరేటర్ సాబే అడిగాడు, "కొత్త జాగల పని మంచిగున్నదా?" అని. ఉందన్నాడు భాయ్. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత ఆయన మారాడు. ఎవరినీ తిట్టేవాడు కాదు. గట్టిగా మాట్లాడినా ఊరుకునేవాడు. రోడ్డు దగ్గర ఎవరైనా చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చేవాడు. "నేనెవరో చెప్పుకోండి," అంటే పేరు చెప్పేవాడు. మా సెక్షన్‌లో అందరూ సంతోషించారు. వయసు మీద పడ్డాక మంచివాడయ్యాడన్నారు.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం, ఇంకా ఎవరూ రాకముందే, నన్ను గదిలోకి పిలిచాడు. "మిషన్ చాలు చేసి కాయితం తెరువు. నేను కొట్త."

"ఏం కొడతారు? నేను కొట్టిపెట్టనా?"

"నాది నేనే కొట్త."

కవరు తీసి, మిషను పెట్టి, ఖాళీ కాయితం తెరిచి ఇచ్చాను. వేళ్లు మీటల మీద ఆనించి, వాటి మీది చిన్న బొడిపెలు తడిమి చూసుకుని, మొదలుపెట్టాడు. పైనుంచి నన్నెవరో పిలిస్తే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా కొడుతూనే ఉన్నాడు. వేళ్లు ఎప్పటిలాగే పరుగెడుతున్నాయి. ఎక్కడా తడబాటు లేదు. చివరన ఒక చుక్క పెట్టి, చేతులు వెనక్కి తీసుకుని, "చూడు, ఎట్ల అచ్చింది?" అన్నాడు.

తెర మధ్యలో ఒక గడి నిలబడి ఉంది. మిషను ఏదో అడుగుతోంది, అవునో కాదో చెప్పమంటోంది. నేను బయటికి వెళ్లగానే వచ్చినట్టుంది. ఆ గడి కదలనంత వరకు కాయితం మీద ఏమీ పడదు. దాని వెనక తేదీ ఉంది. "సర్" అన్న మొదటి మాట ఉంది. మిగతాదంతా తెలుపు.

"చెప్పు తమ్మీ."

"పడలేదు సార్. తేదీ, పై మాట తప్ప ఏమీ పడలేదు. మధ్యలో ఒక గడి వచ్చి ఆగిపోయింది."

ఆయన తల ఎడమకు వంచి అలాగే ఉన్నాడు. నేను గడి తీసేశాను. మళ్లీ కొట్టమని అనబోయి మానేశాను. ఈసారి ఇంకో గడి రాదని ఎవరు చెప్పగలరు?

"సరె," అన్నాడు చివరికి. కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. "నువ్వే కొట్టు. నేను చెప్త."

స్వచ్ఛందంగా పదవీ విరమణ కోరుతున్నానని చెప్పాడు. కొట్టాను. కారణం ఏమని రాయాలని అడిగాను.

"సొంత కారణాలని రాయి. సొంతయే గద."

అచ్చు తీశాక ఆయన జేబులోంచి, మధ్యలో సన్నగా సందు కోసిన అట్టముక్క తీశాడు. దాన్ని కాయితం మీద సరైన చోట ఆనించి పెట్టాను. ఆ సందులో నిదానంగా సంతకం చేశాడు. చదివి వినిపించమని మాత్రం అడగలేదు.

పైకి ఇద్దరం వెళ్లాం. సూపరింటెండెంటు కాయితం రెండుసార్లు చదివి, నిజంగానే నొచ్చుకున్నాడు. లేచి వచ్చి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇదేంటండీ, ఇంకా సర్వీసు ఉండగా? మేం మీకేం తక్కువ చేశాం? నేను వచ్చినప్పట్నుంచీ మిమ్మల్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నాం? ఇన్నాళ్లలో మీకు ఒక్క పనైనా చెప్పామా?"

"లేదు సార్," అన్నాడు ఆపరేటర్ సాబ్. "ఒక్కటి గూడ చెప్పలే."

సూపరింటెండెంటు తృప్తిగా తల ఊపి, కాయితం మీద సంతకం పెట్టాడు.